ఆ ఆయమ్మకి, ఇంకొందరికి

నిన్న సాయంత్రం నాన్నని గుంటూరు నుంచి ఇంటికి తీసుకొచ్చాం. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

నాన్నకి 76. స్టెంట్ వేసినప్పటి నుంచి రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. మోకాళ్ల నొప్పులని దానికి తోడు మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు తెచ్చుకుని మూడు వారాలు మింగారు. మాకు తెలీదు. విరేచనం నల్లగా అవుతోందంటే ఐరన్ మాత్రల వల్లేలే అనుకున్నాం. కడుపునొప్పి అసలు లేదు. నొప్పి మాత్రలు వాడే పెద్దవాళ్లకి కడుపులో పుండు పడినా ఒక్కోసారి తెలియదట. సోమవారం తెల్లవారుజామున కాఫీ పొడి కలిపినట్టు వాంతి చేసుకుని బాత్రూంలోనే కూలబడ్డారు. హిమోగ్లోబిన్ 5.4కి పడిపోయింది.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో అడ్వాన్సు రసీదు చూపిస్తే గానీ స్ట్రెచర్ కదల్లేదు. సరే, దాని గురించి ఇంకోసారి. రెండో చోట రక్తం ఎక్కిస్తూ ఎండోస్కోపీ చేశారు. చిన్నపేగు మొదట్లో పుండు. రక్తం ఆగడానికి అక్కడే ఇంజెక్షన్ చేసి క్లిప్పు వేశారు.

ఆ రాత్రి లోపల నిలిచిన పాత రక్తమంతా తారులా పోతూనే ఉంది. ఆ వాసన ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. మూడోసారి పంచె మార్చబోయి, కడుపులో తిప్పి బయటికి పరిగెత్తాను. కన్నకొడుకుని. తిరిగొచ్చేసరికి ఆయమ్మ నాన్నని పక్కకి తిప్పి, గోరువెచ్చటి నీళ్లతో తుడుస్తోంది. నాన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నారు. "సిగ్గుపడమాక పెద్దయ్యా, నీ బిడ్డననుకో" అంటోంది. నేను 200 ఇవ్వబోతే మడిచి మళ్లీ నా జేబులోనే పెట్టింది. "పోయి రెండిడ్లీ తిను బాబూ, పొద్దుటి నుంచీ చూస్తన్నా." మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అలాంటి మనిషికి గ్లవ్స్ కూడా లెక్కపెట్టి ఇస్తారట! డిశ్చార్జి రోజు వెతికితే డ్యూటీ మారింది. పేరు కూడా అడగలేదు.

అక్కా, బావా, మా ఆవిడా... మీకు థాంక్స్ చెబితే తిడతారు, చెప్పను.

అయ్యో, మర్చిపోయా: బి నెగెటివ్ రక్తం కావాలి అనగానే పరీక్ష పెట్టుకుని కూడా వచ్చిన ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లలు. డబ్బులు తర్వాత చూద్దాంలే అన్న ఆటో అన్న. అర్ధరాత్రి పడుకోనివ్వకుండా ప్రశ్నలడిగినా విసుక్కోని నర్సమ్మ. 9వ బెడ్ తాతగారి మనవడా, మీ చార్జర్ నా బ్యాగులో వచ్చేసింది. నంబరు పెట్టండి, రివ్యూకి వచ్చినప్పుడు తెస్తాను.