అశోకుడి ఉత్తర్వు బండ మీద ఉంది, మా ఉత్తర్వు ఎక్కడుందో చెప్పండి

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రాయలసీమలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరుగా పనిచేస్తున్నాను. మా జిల్లాలో ఏటా జరిగే విద్యార్థుల చరిత్ర పోటీని నడిపేవారిలో నేనూ ఒకణ్ణి. ఆ పోటీ గురించి తమకు కొత్తగా చెప్పనక్కరలేదు. బహుమతులందుకున్న పిల్లల పక్కన తమ శాఖ అధికారులు నిలబడి దిగిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఆ ఫొటోల్లో కనిపించని వాళ్ల తరఫున రాస్తున్న లేఖ ఇది.

అడిగేది పెద్ద కోరికేమీ కాదు. పిల్లలను పోటీకి తీసుకువెళ్లే టీచర్లకు ఆ రోజు ఆన్ డ్యూటీ (సెలవు కోయకుండా విధుల్లో ఉన్నట్టే లెక్క) ఇస్తూ ఒక కాగితం కావాలి. డబ్బు అడగడం లేదు, భవనం అడగడం లేదు, సన్మానాలు అసలే వద్దు. నాలుగు వాక్యాల ఉత్తర్వు చాలు. దానికోసం మండల స్థాయి నుంచి పైదాకా తిరిగాం. ఈ విభాగం వారిని అడిగితే ఆ విభాగం చూస్తుందన్నారు, ఆ విభాగం వారు ఇది పురావస్తు శాఖ పని కాదా అన్నారు. అక్కడికీ వెళ్లాం. టీచర్ల సెలవులతో మాకేమిటి సంబంధం అని వాళ్లు ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

ఒకసారి బహుమతి ప్రదానానికి వచ్చిన ఒక ఉన్నతాధికారి మైకు పట్టుకుని, "వచ్చే ఏడాది నుంచి మీరు సెలవు పెట్టుకుని రావలసిన పని లేదు, ఉత్తర్వులు నేను చూసుకుంటాను" అన్నారు. చప్పట్లు కొట్టాం. పిల్లలు మాకంటే గట్టిగా కొట్టారు. ఆ తరువాత వారికి బదిలీ అయింది. వారి స్థానంలో వచ్చినవారిని కలిస్తే, "ఫైలులో అలాంటిదేమీ లేదే" అన్నారు. మైకులో చెప్పిన మాట ఫైలులోకి ఎలా వస్తుంది సార్? దానికి చప్పట్లు తప్ప సాక్ష్యం ఏముంది?

సెలవుల లెక్క తమకు తెలియనిది కాదు. మాకు ఏడాదికి 15 క్యాజువల్ సెలవులు, 7 స్పెషల్ క్యాజువల్ సెలవులు. మహిళా టీచర్లకు అదనంగా మరో 5. పిల్లవాడికి జ్వరమొచ్చినా, పొలం రిజిస్ట్రేషన్ అయినా, బంధువుల ఇంట్లో చావయినా అందులోంచే వాడుకోవాలి. చరిత్ర పోటీకి కూడా అందులోంచే. పోటీ డిసెంబరులోనే ఎందుకు పెడతారని ఒక పత్రికా విలేకరి అడిగారు. శీతాకాలం హాయిగా ఉంటుందని కాదు. మిగిలిన సెలవులు డిసెంబరు 31తో మురిగిపోతాయి కాబట్టి, ఆ నెలలో అయితే టీచర్లు ఒకటో రెండో ఖర్చు పెట్టడానికి వెనుకాడరు. జిల్లాస్థాయి చరిత్ర పోటీ తేదీని నిర్ణయిస్తున్నది మా సెలవుల పుస్తకం. పదో తరగతి ప్రత్యేక ప్రణాళికలు కూడా సరిగ్గా అప్పుడే ఊపందుకుంటాయి కనుక, ప్రధానోపాధ్యాయులు మమ్మల్ని చూసే చూపు ఎలా ఉంటుందో తమ ఊహకే వదిలేస్తున్నాను.

ఆదివారం పెట్టుకోవచ్చు కదా అని సలహా ఇచ్చిన అధికారులున్నారు. పెట్టి చూశాం. ఆదివారమైనా సరే, రాతపూర్వకమైన ఉత్తర్వు లేకుండా పిల్లలను ఊరు దాటించడానికి ఏ ప్రధానోపాధ్యాయుడూ ఒప్పుకోడు. దారిలో జరగరానిది జరిగితే బాధ్యత ఎవరిదని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడైతే ఆ బాధ్యత సెలవులో ఉన్న టీచరుది. అంటే ఆ రోజు అతను టీచరు కాడు, ఎవరి పిల్లలనో బస్సెక్కించుకుని తిరుగుతున్న ఒక ప్రైవేటు వ్యక్తి.

ముఖ హాజరు యాప్ సంగతి కూడా చెప్పాలి. తొమ్మిది గంటలకు బడి ఆవరణలో ముఖం చూపించాలి. ఎనిమిదిన్నరకే పిల్లలతో బస్టాండులో నిలబడి ఉన్నవాడి ముఖాన్ని యాప్ ఒప్పుకోదు. ఆటల ఎంపికలకు వెళ్లే వ్యాయామ ఉపాధ్యాయుడి ముఖం విషయంలో దానికి పేచీ లేదు, ఆయన చేతిలో ఉత్తర్వు ఉంటుంది. సైన్సు ప్రదర్శనకు వెళ్లే సహోద్యోగికీ అంతే. కేంద్ర ప్రభుత్వ సైన్సు పథకం ఇన్‌స్పైర్ మనక్ కింద ఎంపికైన పిల్లవాడికి నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. రానివ్వండి, సంతోషం, ఆ పిల్లలూ మావాళ్లే. చరిత్ర పిల్లవాడికి చార్టు కొనడానికి పది రూపాయలు కూడా ఎందుకు లేవన్నది మాత్రం మాకెవరూ చెప్పలేదు. విద్యార్థి బస్సు పాసు ఇంటికీ బడికీ మధ్యనే చెల్లుతుంది. ఉచిత ప్రయాణం లేని మగపిల్లల టికెట్లు టీచరు జేబులోంచే.

ఒక అమ్మాయి గురించి చెబుతాను. బాలికల వసతి పాఠశాలలో తొమ్మిదో తరగతి. 1876-78 కరువు మీద పనిచేసింది. మా వైపు ముసలివాళ్లు ఇప్పటికీ ధాత కరువు అంటారు. 1871 జనగణనతో పోలిస్తే 1881లో కర్నూలు జిల్లా జనం ఎలా తగ్గిపోయారో చూసింది. కరువు పనుల్లో మట్టి మోసేవారి కూలిని 1877లో కరువు వ్యవహారాలు చూడటానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు పౌండు ధాన్యం, ఒక అణా లెక్కకు దించాడని, మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ దానికి అభ్యంతరం చెప్పాడని చదివింది. పౌండు అంటే ఎంత అని వంటమనిషిని అడిగి, హాస్టల్ వంటగది తక్కెడలో సుమారు 450 గ్రాముల జొన్నలు తూయించింది. వాటిని పారదర్శకమైన కవరులో పోసి, చార్టుకు కుట్టి, కింద ఒకే వాక్యం రాసింది: "దీనితో రోజంతా మట్టి మోయాలి." చరిత్ర బోధన మీద నేను హాజరైన శిక్షణ తరగతులన్నీ కలిపినా ఆ కవరుకు సరితూగవు.

పోటీ రోజు ఆ అమ్మాయి రాలేదు. ఉత్తర్వు లేనిదే ఆడపిల్లలను బయటికి పంపకూడదు. నిబంధన సరైనదే, అక్కడి మేడమ్‌ను నేను ఒక్క మాట కూడా అనను. చార్టు మాత్రం వచ్చింది, ఊళ్లో ఇంటి నుంచి చదువుకునే ఇంకో అమ్మాయి మోసుకొచ్చింది. మా పోటీలో న్యాయనిర్ణేతలు మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ సంగతి నీకెక్కడ దొరికింది?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే సగం మార్కులు పోతాయి. చార్టు తెచ్చిన పిల్ల కవరు వైపు, చెప్పుల వైపు మార్చి మార్చి చూసింది. మార్కులు పోయాయి. తగ్గించిన ఆయన మా స్వచ్ఛంద సేవకుడే, భోజనం మానేసి కూర్చున్నారు. వసతి పాఠశాలల పిల్లలను పంపవచ్చని తమరు ఒక్క ముక్క రాస్తే ఆ అమ్మాయి తానే నిలబడి చెప్పేది.

స్వచ్ఛంద సేవకులన్నాను కదా. వారిలో విశ్రాంత తెలుగు పండితులు ఒకరు, ఫొటో స్టూడియో నడుపుకునే ఆయన ఒకరు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఇద్దరు గ్రంథాలయ ఉద్యోగులు. శాసనం మీద అక్షరాలు కనిపించకపోతే పిల్లలు మొదట చేసే పని చాక్‌పీసు తీసి రుద్దడం. అలా చేస్తే రాయి పాడవుతుంది. స్టూడియో ఆయన వాళ్లను సాయంత్రం దాకా ఆపి, వెలుగు తగ్గాక టార్చిలైటును రాతికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు రాతిని ఆనించి పట్టుకోమంటారు. చెక్కిన గీతల్లో నీడ పడి, అప్పటిదాకా ఉత్త బండలా ఉన్నచోట వరసలు వరసలుగా అక్షరాలు లేస్తాయి. పిల్లలు అరిచే అరుపు తమరు ఒక్కసారి వినాలి. ఆయన ఆ రోజు దుకాణం మూసుకుని వస్తారు. ఆయనకు ఆన్ డ్యూటీ ఇచ్చేవారెవరూ లేరు, అడగరు కూడా.

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. పెద్ద శాసనాలు, చిన్న శాసనాలు రెండూ ఒక్కచోటే. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పిల్లలకు అది చూపిస్తే ఇక బస్సెక్కరు. తల్లిదండ్రుల మాట వినాలని, శిష్యులు గురువులను గౌరవించాలని అందులో ఉంది. ఈ మాటను రజ్జుకులనే అధికారులు జనపదాలకు చేర్చాలని కూడా ఉంది. అంటే అధికారులకు రాసిన ఉత్తర్వే. అశోకుడి కొలువు నుంచి రాయలసీమ దాకా, ఫోను లేని రోజుల్లో, ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో వచ్చింది. 2,200 ఏళ్లు దాటినా చదవడానికి వీలుగా ఉంది. అమరావతి నుంచి మా బడికి ఒక్క కాగితం రావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందని నేను అడిగితే హద్దు మీరినట్టవుతుందా?

ఇంకో ఉదాహరణ చెప్పి ఊరుకుంటాను. మా పిల్లలు కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి, ఈస్టిండియా కంపెనీ (కుంఫిణీ) అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల చరిత్ర రాతల్లో, తమ ఊరి పేరు వెతుక్కుంటారు. ఆ మెకంజీ కింద ఊరూరా తిరిగి పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులకు జీతం ఉండేది. కుంఫిణీ హయాంలో! చరిత్ర సేకరించడం కూడా కొలువే అని కుంఫిణీ వారికి తోచింది, మన సొంత ప్రభుత్వానికి అది సెలవు రోజు కాలక్షేపంలా కనిపిస్తోంది.

పదో తరగతి చరిత్రలో మొదటి పాఠం ఐరోపాలో జాతీయవాదం. మంచి పాఠం, ఇష్టంగానే చెబుతాను. కానీ గారిబాల్డీ గురించి ఠక్కున చెప్పే పిల్లవాడికి, తెలుగులో ఇప్పటిదాకా దొరికిన శాసనాల్లో అతి పాతదిగా చెప్పే కలమళ్ల శాసనం తన పక్క జిల్లాలోనే ఉందని తెలియదు. ఆ లోటును పోటీ పూడుస్తోంది. మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు, పుస్తకాల సంచికి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు పెట్టారు, చాలా బాగుంది. చరిత్రకెక్కినవారి పేర్ల మీద అంత గౌరవం ఉన్న ప్రభుత్వం, వాళ్లెవరో తెలుసుకోవడానికి బయలుదేరిన పిల్లల వెంట వెళ్లే టీచరుకు సెలవు కోత వేస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడి దాకా మా మొర చేరిందో లేదో కూడా తెలియదు, అందుకే నేరుగా తమకే రాస్తున్నాను.

సోమవారం అర్జీల కార్యక్రమంలోనూ ఇచ్చి చూశాం. కొద్ది రోజులకు ఫోనుకు సందేశం వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది. సంబరంగా గ్రూపులో పెట్టాను. మా పండితులు గారు ఫోను చేసి, "ఏమని పరిష్కరించారు నాయనా?" అని అడిగారు. వెళ్లి విచారిస్తే, అర్జీని సంబంధిత కార్యాలయానికి పంపారట, పంపడమే పరిష్కారమట. ఆ సంబంధిత కార్యాలయం, మేము మొదట అర్జీ ఇచ్చిన కార్యాలయమే.

ప్రభుత్వ కార్యక్రమం కాదు కాబట్టి ఆన్ డ్యూటీ కుదరదంటున్నారు. అయితే ప్రభుత్వ కార్యక్రమం చేయండి. అది వద్దనుకుంటే గుర్తింపు మాత్రం ఇవ్వండి. అదీ కష్టమైతే ఏడాదికి ఒక్క రోజు, బడికి ఒక్క టీచరుకు ఆన్ డ్యూటీ ఇవ్వండి. వసతి పాఠశాలల పిల్లలను పంపడానికి అనుమతి ఇవ్వండి. ఆ రోజుకు పిల్లల బస్సు టికెట్ల సంగతి చూడండి. ఏదో ఒకటి చేయండి సార్. బతిమాలుతున్నానని అనుకున్నా పరవాలేదు, బతిమాలుతున్నాను.

ఈ ఏడాది కూడా పోటీ డిసెంబరులోనే. పాల్గొనే పిల్లల పేర్లు నవంబరు నెలాఖరుకు మాకు అందాలి, ప్రధానోపాధ్యాయులు ఉత్తర్వు ఏదని అడిగేది అప్పుడే. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతికి వచ్చింది, ఆమెకు ఇదే చివరి అవకాశం. ఈసారి చెరువుల మీద పనిచేస్తానని చెప్పి పంపింది. ఆమె పేరు జాబితాలో రాయమంటారా, వద్దంటారా?

భవదీయుడు,
ఒక సోషల్ టీచరు
(నా సెలవుల పుస్తకంలో ఇంకా మిగిలి ఉన్నవి డిసెంబరు కోసం దాచి ఉంచాను)