క్రిస్టియానో జూనియర్ గుర్తుగా ప్రతి గ్రౌండ్‌లో ఒక యంత్రం

సంపాదకులకు నమస్కారం.

క్రిస్టియానో అనగానే ఇప్పటి పిల్లలకు గుర్తొచ్చేది పోర్చుగల్ ఆటగాడు. మన దేశంలో ఆడి, మన దేశంలోనే మైదానంలో ప్రాణం వదిలిన ఇంకో క్రిస్టియానో ఉన్నాడు. బ్రెజిల్ నుంచి వచ్చినవాడు, పేరు క్రిస్టియానో జూనియర్. 2004 డిసెంబర్ 5న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఫుట్‌బాల్ ఫెడరేషన్ కప్ ఫైనల్ ఆడుతూ కుప్పకూలిపోయాడు. అప్పటికి అతని వయసు 25. ఏటా డిసెంబర్‌లో అభిమానులు అతని ఫొటో పెట్టి నివాళి రాస్తారు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది నివాళి కోసం మాత్రమే కాదు. ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, అది వాడడం తెలిసిన మనిషి ప్రతి గ్రౌండ్‌లో ఉండాలన్నది అతని చావు మనకు నేర్పాల్సిన పాఠం. ఆ పాఠం జిల్లాల్లో, స్కూల్ గ్రౌండ్లలో, అద్దె టర్ఫ్‌ల మీద ఇంకా ఎవరూ నేర్చుకోలేదన్న బాధతో రాస్తున్నాను.

అతని ఆట చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 2003-04 సీజన్‌లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్ తరఫున 15 గోల్స్ కొట్టి నేషనల్ లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. ఆ ఏడు టైటిల్ కూడా ఈస్ట్ బెంగాల్‌దే. వరల్డ్ కప్ వస్తే సందుసందునా బ్రెజిల్ జెండాలు కట్టే ఊరు కోల్‌కతా. అలాంటి చోట ఒక బ్రెజిల్ కుర్రాడు వచ్చి గోల్స్ మీద గోల్స్ కొడుతుంటే జనం ఎంత నెత్తిన పెట్టుకుని ఉంటారో చెప్పక్కర్లేదు. మరుసటి సీజన్‌కు గోవా క్లబ్ డెంపోకి మారాడు. గోవాలో పాత తరానికి పోర్చుగీసు భాష కొత్త కాదు. అక్కడా తొందరగానే సొంతవాడైపోయాడు.

బెంగళూరు ఫైనల్లో డెంపో ప్రత్యర్థి మోహన్ బగాన్. డెంపో 2-0తో గెలిచింది. రెండు గోల్సూ అతనివే. రెండో గోల్‌కి బంతిని అందుకుని పరుగెడుతుంటే గోల్‌కీపర్ ఎదురొచ్చాడు. బంతిని నెట్‌లోకి పంపిన క్షణంలోనే ఇద్దరూ గుద్దుకున్నారు. ఆ తర్వాత క్రిస్టియానో పడిపోయాడు, మళ్లీ లేవలేదు. అతను కోలుకుంటాడని టీవీ ముందు కూర్చుని ఎదురుచూసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆసుపత్రికి చేర్చినా ప్రయోజనం లేకపోయింది. మైదానంలో వెంటనే అందాల్సిన వైద్యం అందలేదని దేశమంతా విమర్శలు వచ్చాయి. జాతీయ స్థాయి టోర్నీ ఫైనల్ అది, ఏ గల్లీ మ్యాచో కాదు.

తర్వాత ఏం జరిగింది? శిక్ష పడింది గోల్‌కీపర్‌కి. సుబ్రతా పాల్‌కు అప్పటికి 18 కూడా నిండలేదు. ఫుట్‌బాల్ సమాఖ్య అతణ్ని రెండు నెలలు సస్పెండ్ చేసింది. ఆ ఢీకొట్టడంలో ఎవరి తప్పు ఎంత అని ఇప్పుడు తవ్వి తీయడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక పిల్లాడు ఆ భారం మోస్తూ ఆడాల్సి వచ్చింది. అతను నిలబడ్డాడు, భారత జట్టు గోల్‌కీపర్ అయ్యాడు, 2016లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ స్థైర్యానికి దండం పెట్టాలి. ఆ రోజు మైదానం పక్కన ఏముండాలి, ఏం లేదు అన్న ప్రశ్నకు మాత్రం అంత గట్టి జవాబు రాలేదు.

డెంపో అతని పదో నంబర్ జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. అదే సీజన్‌లో నేషనల్ లీగ్ కూడా గెలిచింది. దానితో కలిపి 2012 నాటికి ఐదుసార్లు దేశ విజేత అయింది. ఒక క్లబ్ తన ఆటగాడికి ఇవ్వగలిగిన గౌరవం అది, అందులో లోటేమీ లేదు.

సరిగ్గా ఎనిమిదేళ్లు కూడా తిరక్కముందే, 2012 మార్చిలో, అదే బెంగళూరులో స్థానిక లీగ్ మ్యాచ్ ఆడుతూ వెంకటేశ్ అనే 27 ఏళ్ల ఆటగాడు కుప్పకూలాడు. గ్రౌండ్ దగ్గర అంబులెన్స్ లేదు. ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతకలేదు. క్రిస్టియానో పోయిన ఊరే, కంఠీరవకు పెద్ద దూరం కూడా లేని స్టేడియం. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. జెర్సీ దాచిపెట్టినంత శ్రద్ధగా ఒక అంబులెన్స్ నిలబెట్టి ఉంటే ఏమై ఉండేదో ఎవరం చెప్పలేం గానీ, ఆటో కోసం పరుగెత్తే గతి మాత్రం పట్టేది కాదు.

అదే 2012 మార్చిలో, అంతకు కొద్ది రోజుల ముందే, లండన్‌లో ఫాబ్రిస్ మువాంబా అనే ఫుట్‌బాల్ ఆటగాడు మ్యాచ్ మధ్యలో పడిపోయాడు. అతని గుండె 78 నిమిషాల పాటు తనంతట తాను కొట్టుకోలేదు. అయినా బతికాడు. ఛాతీ మీద నొక్కడం ఆపలేదు, షాకులు ఇస్తూనే ఉన్నారు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో యూరో మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ పడిపోవడం ప్రపంచమంతా చూసింది. రెఫరీ క్షణం ఆలస్యం చేయకుండా డాక్టర్లను పిలిచాడు. డాక్టర్లు గడ్డి మీదే సీపీఆర్ చేసి, అంటే ఛాతీ మీద నొక్కి, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ యంత్రంతో షాక్ ఇచ్చారు. మూడేళ్ల తర్వాత అదే ఎరిక్సన్ మళ్లీ యూరోలో డెన్మార్క్‌కి గోల్ కొట్టాడు. గుండె హఠాత్తుగా ఆగినప్పుడు షాక్ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందని వైద్యులు చెప్తారు. మన ట్రాఫిక్‌లో అంబులెన్స్ ఎంత త్వరగా వచ్చినా పది నిమిషాలు పడుతుంది. అందుకే యంత్రం గ్రౌండ్‌లోనే ఉండాలి, వాడడం తెలిసిన మనిషి అక్కడే ఉండాలి.

ఆ యంత్రాన్ని ఏఈడీ (ఆటోమేటెడ్ ఎక్స్‌టర్నల్ డీఫిబ్రిలేటర్) అంటారు. పేరు వింటే చాలామందికి టెన్షన్. డాక్టర్లే వాడాలేమో, తప్పు చేస్తే మనమే చంపినట్టు అవుతుందేమో అని. నిజానికి ఏఈడీ అనేది మామూలు జనం కోసమే తయారుచేసింది. మూత తీసి ఆన్ చేస్తే అదే మాట్లాడుతూ ఏం చేయాలో చెప్తుంది. చొక్కా తీసి, ఆటగాడి ఒంటి మీద చెమట తుడవాలి. రెండు అంటించే ప్యాడ్లు ఉంటాయి. ఒకటి కుడివైపు కాలర్‌బోన్ (మెడ దిగువ అడ్డంగా ఉండే ఎముక) కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. గుండె లయను యంత్రమే పరీక్షించుకుంటుంది. షాక్ అవసరం లేకపోతే మనం బటన్ నొక్కినా ఇవ్వదు. యంత్రం వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులూ వేసి గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ ఉండాలి. ఇది ఒక పూటలో నేర్చుకునే విద్య.

నేను ఆదివారాలు పిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తుంటాను. ఆ గ్రౌండ్‌లో ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తెరిచి చూస్తే ఒక క్రేప్ బ్యాండేజ్, గడువు దాటిన నొప్పి స్ప్రే, తుప్పు పట్టిన కత్తెర కనిపించాయి. అంబులెన్స్ లోపలికి రావాల్సిన పెద్ద గేటుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఆదివారం వాచ్‌మన్‌కి సెలవు. చిన్న గేటులోంచి బైకులు మాత్రమే పడతాయి. గేటు సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టలేదు. పిల్లలు పదేళ్లవాళ్లు, పన్నెండేళ్లవాళ్లు. తల్లిదండ్రులు వాళ్లను నా మీద భరోసాతో వదిలి వెళ్తారు. ఆ తాళం చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

తెలుగు రాష్ట్రాలకూ ఇది పరాయి సమస్య కాదు. హైదరాబాద్‌లో షటిల్ ఆడుతూ పడిపోయినవాళ్ల సీసీటీవీ వీడియోలు మీ పాఠకులంతా చూసే ఉంటారు. ప్రతిసారీ అయ్యో అనుకుంటాం, ఇంకొకరికి పంపిస్తాం, మర్చిపోతాం. అలాగని మనకు ఏమీ చేతకాదని కాదు. దేశానికి దారి చూపిన 108 సేవ మొదలైంది హైదరాబాద్ నుంచే, 2005 ఆగస్టులో. అంటే క్రిస్టియానో చనిపోయిన ఎనిమిది నెలలకు. 2023లో హైదరాబాద్‌లో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద పడిపోయిన మనిషికి సీపీఆర్ చేసి బతికించాడు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం సిబ్బందికి పెద్ద ఎత్తున శిక్షణ పెట్టింది. అదే శిక్షణ పీఈటీలకు, కోచ్‌లకు, రెఫరీలకు, టర్ఫ్ నడిపేవాళ్లకు కూడా తప్పనిసరి చేయాలి. పిల్లాడు పడిపోయినప్పుడు మొట్టమొదట పరుగెత్తుకెళ్లేది వాళ్లే.

డబ్బు మాట కూడా ఎత్తుతాను, ఎందుకంటే మొదట వచ్చే సాకు అదే. ఒక ఏఈడీ లక్ష రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. ఊళ్లో ఒక టోర్నీ పెడితే ప్రైజ్ మనీకి, ఫ్లెక్సీలకు, సౌండ్ బాక్సులకు అంతకంటే ఎక్కువే అవుతుంది. ఒక్కో గ్రౌండ్ కమిటీ భరించలేకపోతే నాలుగు కమిటీలు కలిసి కొని, మ్యాచ్ ఉన్నచోటికి తీసుకెళ్లవచ్చు. రోజంతా స్లాట్లు అమ్ముకునే టర్ఫ్ యజమానులకైతే ఈ సాకు కూడా లేదు.

కాబట్టి రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలకు, నగరపాలక సంస్థలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. టోర్నీకి అనుమతి ఇచ్చే కాగితంలోనే ఒక షరతు చేర్చండి. పనిచేసే ఏఈడీ, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు, తాళం తీసి ఉన్న గేటు లేకపోతే మ్యాచ్ మొదలు కాకూడదు. ఆపే అధికారం రెఫరీకి ఇవ్వండి, ఆపినందుకు అతన్ని ఎవరూ వేధించకుండా చూడండి. టర్ఫ్ లైసెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు యంత్రం బ్యాటరీ, ప్యాడ్ల గడువు తేదీ కూడా తనిఖీ చేయండి. కొని మూలన పడేస్తే లాభం లేదు.

బెంగళూరులో ఉంటున్న తెలుగువాడిగా కర్ణాటక ఫుట్‌బాల్ సంఘానికి కూడా ఒక మాట. కంఠీరవ స్టేడియంలో అందరికీ కనిపించే చోట ఒక ఏఈడీ పెట్టి దాని మీద క్రిస్టియానో జూనియర్ పేరు రాయండి. పక్కనే వెంకటేశ్ పేరు కూడా రాయండి. దాని ఖర్చుకు చందా వేసుకోవడానికి మా ఆదివారం గ్రౌండ్ తల్లిదండ్రులు సిద్ధంగా ఉన్నారు. ఎవరిని కలవాలో చెప్తే చాలు, వచ్చి కలుస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బెంగళూరు