మంత్రిగారూ, బండి మేం కొన్నాం, డ్రైవర్‌నైనా ఇప్పించండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మామూలు అర్జీలు ఇచ్చి ఇచ్చి, వాటి రసీదులన్నీ ఒక కవర్లో దాచుకుని, ఇక వేరే దారి లేక నలుగురూ చదివేలా ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను. ఆ అర్జీలు మీ పేషీలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అంటూ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి వెళ్లిన కాగితాల నకళ్లు మాకూ వచ్చాయి. తగు చర్య ఒక్కటే ఇంకా రాలేదు.

మా ప్రభుత్వ దంత కళాశాల సంగతి మీకు మొదటినుంచీ చెప్పక్కర్లేదు. సంచార దంత వైద్యశాల బండి ఫైలు, పేద విద్యార్థుల సహాయ నిధి ఫైలు, రెండూ మీ టేబుల్ మీదకి వచ్చి వెళ్లినవే. ‘ప్రభుత్వం ఒక్కటే అన్నీ చేయలేదు, దాతలు ముందుకు రావాలి’ అని మా కళాశాల వేడుకలో మీ శాఖ పెద్దలే మైకులో అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. కొట్టి ఊరుకోకుండా ఆ మాట నిజమని నమ్మి, పూర్వ విద్యార్థుల సంఘం తరఫున జోలె పట్టుకుని బయల్దేరాం.

ఎవరెవరు ఇచ్చారో మీకు తెలియాలి. కళాశాల గేటు ఎదురుగా టిఫిన్ సెంటర్ నడిపే ఆయన ఇచ్చాడు. చిన్న ఊళ్లలో క్లినిక్కులు పెట్టుకుని అద్దెలు కట్టుకుంటున్న మా సీనియర్లు, జూనియర్లు ఇచ్చారు. రిటైరైన ప్రొఫెసర్ గారొకరు తన పెన్షన్ బకాయిలు చేతికి రాగానే అందులోంచి తీసి ఇచ్చారు (ఆ బకాయిలు రావడానికి పట్టిన కాలం గురించి రాయాలంటే ఇంకో బహిరంగ లేఖ అవుతుంది). మా దగ్గర పళ్ల సెట్టు కట్టించుకున్న ఒక పెద్దాయన, ఆ సెట్టుతోనే నవ్వుతూ, బనీను జేబులోంచి మడతపెట్టిన ఐదు వందల నోటు తీసి ‘నాలాంటోళ్ల ఊరికి మీ బండి పంపండమ్మా’ అన్నాడు. ఆయనకి రసీదు రాసింది నేనే.

బండి కొన్నాం. లోపల డెంటల్ కుర్చీ, కంప్రెసర్, జనరేటర్, నీళ్ల ట్యాంకు, చిన్న ఎక్స్‌రే మిషను, అన్నీ అమర్చాం. రిబ్బన్ కత్తిరించారు. ఫొటోలు దిగారు. పేపర్లలో వచ్చింది. ఆ రోజు రిబ్బన్ కత్తిరించడానికి ఏ శాఖ అనుమతీ అవసరం పడలేదు గానీ, మర్నాడు బండి గేటు దాటడానికి మాత్రం మూడు శాఖల అనుమతి కావాలన్నారు.

ఆ మర్నాడు ఇంకా రాలేదు మంత్రిగారూ.

డ్రైవర్ పోస్టు మంజూరు కాలేదట. కాంట్రాక్టు మీద పెట్టుకుంటామంటే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలట. డీజిల్ ఏ పద్దు కింద రాయాలో తెలియదట. పోనీ మా సంఘమే డీజిల్ పోయిస్తుందంటే, ప్రభుత్వ వాహనానికి ప్రైవేటు సంఘం డీజిల్ పోయించవచ్చా లేదా అని పైనుంచి వివరణ కోరారట. ప్రభుత్వ వాహనాన్నే ప్రైవేటు సంఘం కొనివ్వొచ్చు, అందులో డీజిల్ మాత్రం పోయకూడదేమో! ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో తీర్మానం చేస్తే చాలన్నారు. ఆ సమావేశమేమో అధ్యక్షులవారికి తీరిక లేక వాయిదా పడుతూనే ఉంది. చిత్రం ఏమిటంటే, బండిలోని ఎక్స్‌రే మిషనుకి అణుశక్తి నియంత్రణ మండలి దగ్గర ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే అనుమతి వచ్చేసింది. రేడియేషన్‌కి అనుమతి దొరికింది గానీ స్టీరింగ్ పట్టుకునే మనిషికి దొరకలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడెవరో పూజారెవరో కూడా మాకు తెలియడం లేదు.

బండి ఇప్పుడు కళాశాల వెనక షెడ్డులో కూడా లేదు, షెడ్డు పక్కన ఉంది. షెడ్డులో పాత బీరువాలు పెట్టారు. ముందు టైర్లలో గాలి దిగిపోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కుర్చీ రెక్సిన్‌ని ఎలుకలు ఒక పక్క కొరికేశాయి, లోపలి స్పాంజి బయటికి వచ్చింది. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు ఎప్పటికప్పుడు తీసేయకపోతే లోపల తుప్పు పడుతుందని మాకు తెలుసు. అటెండర్‌ని బతిమాలుకుని అప్పుడప్పుడూ ఆ పనొక్కటి చేయిస్తున్నాం. బండి పక్కన దాతల పేర్లు రాయించాం కదా, ఎండకి ఎర్ర రంగు వెలిసి సగం పేర్లు చదవడానికి రావడం లేదు. టిఫిన్ సెంటర్ ఆయన పేరు మాత్రం బాగానే కనిపిస్తోంది, ఎందుకంటే అది నీడ పడే వైపు ఉంది. అటు వెళ్లినప్పుడల్లా ‘మన బండి కదిలిందా డాక్టరమ్మా?’ అని అడుగుతాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతాడు. అందుకే జవాబు చెప్పడం ఇంకా కష్టం.

ఈ బండి ఎక్కడికి వెళ్లాలనుకున్నామో కూడా వినండి. ఫ్లోరిన్ ఊళ్లకి, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించిన ఊళ్లకి. మన దగ్గర ఫ్లోరోసిస్ జబ్బుని గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కపెట్టుకోండి. కనిగిరి వైపైనా, నల్గొండ జిల్లా మర్రిగూడ వైపైనా పళ్ల మీద గోధుమరంగు చారలతో ఒక తరం పెరిగి పెద్దదైంది. పెళ్లిచూపుల్లో నోరు విప్పి నవ్వని ఆడపిల్లలున్నారు. మంచినీళ్ల సంగతి వేరే శాఖ చూసుకుంటుంది, ఒప్పుకుంటాను. పళ్ల సంగతి ఎవరు చూస్తారు?

ఫ్లోరిన్ లేని ఊళ్లలో పుచ్చుపళ్లు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనకాల మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు తల్లులు. ‘ఎటూ ఊడిపోయేదేగా’ అని వదిలేస్తారు. పదేళ్లు నిండేసరికి అది పుచ్చి నొప్పి మొదలవుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రలు ఇస్తాడు, నొప్పి తగ్గుతుంది, పన్ను మాత్రం లోలోపల కుళ్లుతూనే ఉంటుంది. కొందరికి దవడ కింద వాపొచ్చి, గొంతుదాకా దిగి, ఊపిరి అందక పెద్దాసుపత్రికి పరిగెత్తాల్సి వస్తుంది. అంతదాకా వెళ్తే ఎంత ఖర్చు, ఎంత టెన్షన్! బడిలోనే ఆ పన్ను మీది గాడులు పూడ్చేస్తే పిల్లకి నొప్పి కూడా తెలియదు. దానికి మా హౌస్ సర్జన్లు చాలు, ఒక కుర్చీ చాలు, ఒక బండి చాలు. మూడూ ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వల అంగిలి ఎలా మారుతుందో మా విద్యార్థులు పుస్తకంలో చదివి పరీక్ష రాస్తున్నారు. తీరం మన దగ్గరే ఉంది, అవ్వలూ ఇక్కడే ఉన్నారు. కానీ డిగ్రీ పుచ్చుకునేలోపు అలాంటి నోరు ఒక్కటి కూడా చూడని డాక్టర్లను తయారుచేస్తున్నాం.

ఇక విద్యార్థుల నిధి. ఇది చెప్పాలంటే నాకు కోపమొస్తుంది, మర్యాద తప్పితే మన్నించండి.

కన్వీనర్ కోటాలో సీటొచ్చిందంటే ఇంక ఖర్చేముంది అనుకుంటారు బయటివాళ్లు. బీడీఎస్‌లో ఫీజు కంటే పనిముట్ల ఖర్చే ఎక్కువ. మొదటి ఏడాది మైనపు దిమ్మలు చెక్కి పళ్లు చేయడంతో మొదలవుతుంది. ఆపైన పన్ను పీకే ఫోర్‌సెప్స్, ఎలివేటర్లు, దవడల కదలిక చూపే ఆర్టిక్యులేటర్, పన్ను తొలిచే ఎయిరోటర్ హ్యాండ్‌పీస్, బర్‌లు, ప్లాస్టర్, అచ్చు తీసే ఆల్జినేట్. ప్రభుత్వం ఇవ్వాల్సినవి ఇస్తుందని కాగితం మీద ఉంటుంది, స్టోర్‌లో ‘నో స్టాక్’ అని ఉంటుంది. ఒక పేషెంటు నోట్లో పెట్టిన హ్యాండ్‌పీస్‌ని ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, ఆరనిచ్చి, చల్లారాకే ఇంకొకరి నోట్లో పెట్టాలి. అంటే ఒక విద్యార్థికి ఒక్కటి సరిపోదు. కూలికి వెళ్లే తల్లి ఉన్న అమ్మాయికి ఆ ఒక్కటీ లేదు. పక్క సీటు అమ్మాయి పని ముగించేదాకా పేషెంటుని కుర్చీలో కూర్చోబెట్టి కబుర్లు చెబుతూ ఉంటుంది. ‘మీకు మనవలెంతమంది తాతా, ఏ ఊరు’ అని. పాపం, పేషెంటు ఆ అమ్మాయి చాలా మంచిదనుకుంటాడు.

కట్టుడు పళ్ల సెట్టు సంగతి ఇంకా ఘోరం. ఒక్క సెట్టు పూర్తి కావాలంటే పేషెంటు కనీసం ఐదుసార్లు రావాలి: మొదటి అచ్చు, రెండో అచ్చు, దవడల కొలత, మైనంలో పళ్లు పెట్టి చూసుకోవడం, చివరికి సెట్టు పెట్టించుకోవడం. ఇన్ని సెట్లు పూర్తి చేయాలని మా పిల్లలకి కోటా. మూడోసారి తర్వాత తాత రాకపోతే చేసిన పనంతా వృథా, కోటా లెక్కలోకి రాదు. అందుకని తాతకి బస్సు చార్జీలు పిల్లలే ఇస్తారు, మధ్యాహ్నం భోజనం పెట్టిస్తారు, పళ్ల ఖర్చు కూడా కొన్నిసార్లు వాళ్లే పెట్టుకుంటారు. ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక అవ్వలు బాగానే వస్తున్నారు, ఆ మేరకు ప్రభుత్వాలకి మా కృతజ్ఞతలు. తాతల కోసం మాత్రం పిల్లలు మెస్ డబ్బులే తీయాలి. పేదవాడికి వైద్యం చేయడానికి పేద విద్యార్థి అప్పు చేయడం అనే పథకం మన దగ్గరే ఉందనుకుంటాను. దానికి ఇంకా పేరు పెట్టలేదు, మీరు పెట్టొచ్చు.

హౌస్ సర్జన్ల స్టైపెండ్ బకాయిల గురించి నేను రాయను. వాళ్లే ధర్నా చేస్తారు, మీకే తెలుస్తుంది.

ఈ ఖర్చుల కోసమే సహాయ నిధి పెట్టాం. డబ్బు బ్యాంకులో ఉంది. తీయడానికి వీల్లేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించే కమిటీని డైరెక్టరేట్ ఆమోదించాలట. కమిటీ పేర్లు పంపాం, ఒక పేరు మార్చమన్నారు. మార్చి పంపాం, ‘పాత పేరు ఎందుకు మార్చారు’ అని అడిగారు. ఈ లోపల ఏ బ్యాచ్ కోసమైతే చందాలు పోగుచేశామో ఆ బ్యాచ్ కాలేజీ వదిలి వెళ్లిపోయింది.

ఒక కంపెనీ సంగతి కూడా చెప్పాలి. పేరెందుకులెండి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత పేరిట ఖర్చు పెట్టాలి కదా. వాళ్ల మనిషి వచ్చి మొత్తం క్లినిక్ చూసి, రెండు కుర్చీలూ బ్యాచ్ అంతటికీ హ్యాండ్‌పీస్‌లూ ఇస్తామన్నాడు. అడిగింది ఒక్క ఉత్తరం: ‘స్వీకరించుటకు అభ్యంతరం లేదు’ అని. మార్చి 31 లోపల కావాలి, ఆర్థిక సంవత్సరం లెక్క చూపించుకోవాలి కాబట్టి. ప్రిన్సిపాల్ గారు పైకి రాశారు, పైవాళ్లు ఇంకా పైకి రాశారు. ఏప్రిల్లో ఆ కంపెనీ మనిషే ఫోన్ చేసి, ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఒక ట్రస్టుకి ఇచ్చేశామని, ఏమీ అనుకోవద్దని చెప్పాడు. మేం ఏమనుకుంటాం సార్? మాకు డబ్బు ఇచ్చేవాళ్లు దొరుకుతున్నారు, పుచ్చుకునేవాళ్లు దొరకడం లేదు.

అమెరికాలో స్థిరపడ్డ మా బ్యాచ్‌మేట్లు కూడా పంపుతామంటున్నారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, దానికి కేంద్రం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ఖాతా ఉండాలి. మా చిన్న సంఘానికి అంత లేదు. ఇది మీ చేతిలో లేదని తెలుసు, దీనికి మిమ్మల్ని అనను. కానీ వాళ్లు వాట్సాప్‌లో అడిగేది పంపడం గురించి కాదు, పోయినసారి ఇచ్చిన బండి ఏమైందని. అది మీ చేతిలో ఉంది.

మేం కొత్తగా ఏమీ అడగడం లేదు. బడ్జెట్ అడగడం లేదు. బండికి డ్రైవర్‌ని ఇవ్వండి. ఇవ్వలేకపోతే, మా ఖర్చుతో మేం పెట్టుకోవడానికి ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశం పెట్టించండి, పావుగంట చాలు. విద్యార్థుల నిధి కమిటీలో మీకు నచ్చిన పేర్లే పెట్టుకోండి, ఎవరైనా సరే, సంతకం పెట్టే చెయ్యి ఒకటి ఉంటే చాలు. విరాళం తెచ్చినవాళ్లకి జవాబిచ్చే అధికారం ప్రిన్సిపాల్ స్థాయిలోనే ఉండేలా చూడండి. ఏదో ఒకటి చేయండి సార్. డ్రైవర్ సంగతైనా చూడండి.

ఇవేవీ కుదరవంటే, కుదరవని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇప్పించండి. అది ఫొటోకాపీలు తీయించి దాతలందరికీ పంచుతాను, అడిగినవాళ్ల డబ్బు తిరిగి ఇచ్చేస్తాం. ఐదు వందలిచ్చిన పెద్దాయన రసీదు నకలు నా దగ్గరే ఉంది, ఊరి పేరు కూడా అందులో ఉంది. మొదటి కాపీ ఆయనకే ఇస్తాను.

ఇట్లు,
పూర్వ విద్యార్థుల సంఘం తరఫున,
ఒక దంత వైద్యురాలు