ఎవరి మాట మీద పోతున్నవ్ బిడ్డా?

మహబూబ్‌నగర్

బిడ్డా,

"మా క్లాసుల సగం మంది అమెరికా చదువుకు జీఆర్‌ఈ పరీక్ష రాస్తున్నరు నాన్నా, నేనొక్కదాన్నే మిగిలిపోతా" అన్నవు మొన్న. ఫోన్‌ల తెగే ముచ్చట కాదని రాస్తున్న. వద్దననీకి కాదు. ఎవరి మాట మీద పోతున్నవో తెలుసుకోనీకి.

దిల్‌సుఖ్‌నగర్‌ల కన్సల్టెన్సీకి పోయినప్పుడు చూసినవు గదా, గోడ నిండ పాస్‌పోర్టులు పట్టుకున్న పిల్లల ఫోటోలే. ఆ సారు నీ మార్కులు అడగలే, ఏం చదువుతవనీ అడగలే. "బడ్జెట్ ఎంత, ఇల్లు ఎవరి పేరు మీదున్నది" అన్నడు. చాన మటుకు కన్సల్టెన్సీలకు కాలేజీల నుంచే కమిషన్ ముడుతది మరి. మీ మేనత్తనేమో అమెరికా చదువైతే మంచి సంబంధాలొస్తయంటది. మన వాడకట్టుల ఎవరికి వీసా వచ్చినా చౌరస్తాల ఫ్లెక్సీ లేస్తది. మీ అమ్మకు దాని మీద నీ బొమ్మ చూడాలని ఉన్నది, పైకి అనదు గానీ.

మీ తాత మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని డ్యాముల పనికి పోయెటోడు. ఎందుకు పోతున్నవని ఆయన్ను ఎవ్వరడగలే. ఇంట్ల గింజల్లేవు, పోయిండు. పాలమూరుల సగం ఊర్ల కథ గదే. నీకు ఆ తిప్పలు లేదు, అందుకే అడుగుతున్న.

లెక్క గూడ చూడు. అమెరికాల చదువు అయినంక ఓపీటీ, అంటే అక్కడ కొలువు చేసుకునే పర్మిషన్, 12 నెలలు, నీ కంప్యూటర్ కోర్సుకు ఇంకో 24 నెలలు. ఆ తర్వాత హెచ్-1బీ అనే కొలువు వీసాకు లాటరీ, ఏడాదికి 85,000 మందికే. 2025 సెప్టెంబరుల కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నరు, అక్కడనే చదివి వీసా మార్చుకునేటోళ్లకు లేదని వెనుక చెప్పిండ్రు. రేపేమంటరో! జర్మనీల సర్కారు యూనివర్సిటీలల్ల చాన మటుకు ఫీజే లేదు. కానీ ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే బ్యాంకుల కట్టి చూపియ్యాలె. నీ దోస్తుల్లో ఒక్కరన్నా దాని పేరెత్తిండ్రా?

బయటి దేశం చదువుకు సర్కారిచ్చే బీసీ విద్యానిధి 20 లక్షలంటరు గానీ, అది అక్కడ దిగినంకనే, రెండు విడతల్ల వస్తది. ముందు పెట్టుబడి మనదే. చేను తాకట్టు పెడ్తమంటే బ్యాంకోళ్లు తీసుకోరు, ఇల్లే అడుగుతరు. ఇల్లు పెట్టనీకి నాకు భయం లేదు బిడ్డా. దోస్తులు పోతున్నరని మాత్రం పెట్ట.

పండుగకు వచ్చేటప్పుడు ఒక కాగితం మీద రాసుకొని రా: ఏ కోర్సు, అందుల ఏమేం సబ్జెక్టులు, అవి హైదరాబాద్‌ల ఎందుకు దొరకవు. సమజైతే మరునాడే బ్యాంకుకు పోదాం. ఇంటి కాగితాలు జిరాక్స్ తీయించి పెట్టిన.

మీ నాన్న