ఒపెరా వినాలనుకునేవారు సావిత్రితో మొదలుపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్లలో పద్యనాటకం అంటే చెవి కోసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒడియా పొరుగువాళ్లతో కలిసి తెల్లవార్లూ ప్రహ్లాద నాటకం చూసేవాళ్లూ ఉన్నారు. పాటలోనే కథ నడవడం, ఒక్క భావం మీద పావుగంట నిలబడటం వీళ్లకి కొత్త కాదు. అలాంటివాళ్లు కూడా పాశ్చాత్యుల సంగీత నాటకమైన ఒపెరా అనగానే ‘ఆ అరుపులు మనకెందుకు’ అని పక్కన పెట్టేస్తుంటే బాధగా ఉంటుంది. చిక్కంతా మొదలుపెట్టే చోటులో ఉంది. ఎవరో ఫోన్‌కి మూడు నిమిషాల ముక్క పంపుతారు. అందులో గొంతు అన్నిటికంటే పైకి వెళ్లే చోటే ఉంటుంది. కథ తెలియదు, మాట తెలియదు, పాడేది ఎవరో తెలియదు. హరిశ్చంద్రలో కాటిసీను పద్యం ఒకటి తెంపి తెలుగు రానివాడికి వినిపిస్తే అతనికీ అరుపే వినిపిస్తుంది.

అందుకే మొదట ఒక చిన్న ఒపెరాని పూర్తిగా వినాలి. కథ ముందే తెలిసి ఉండాలి. మనకి దీనికంటే అనువైనది లేదని నేను గట్టిగా నమ్మేది ఇంగ్లండు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ రాసిన ‘సావిత్రి’. సంస్కృతం నేర్చుకున్న మనిషి ఆయన. మహాభారతంలోని కథ తీసుకుని మాటలూ తానే ఇంగ్లీషులో రాసుకున్నాడు. 1916లో లండన్‌లో మొదటిసారి ఆడారు. మొత్తం అరగంట. ముగ్గురే పాత్రలు: సావిత్రి సొప్రానో, అంటే ఆడగొంతుల్లో ఎత్తైనది, సత్యవంతుడు టెనర్, ఎత్తైన మగగొంతు, యముడు బాస్, అన్నిటికంటే కింది గొంతు. వాద్యకారులు పన్నెండు మందే. వెనక ఆడవాళ్ల బృందం మాటలు లేకుండా స్వరం మాత్రమే పట్టి పాడుతుంది.

మొదలు వినండి. ఒక్క వాద్యం కూడా మోగదు. యముడి గొంతు ఒంటరిగా, కంటికి కనబడకుండా, సావిత్రిని పిలుస్తుంది. తర్వాత సావిత్రి గొంతు దానితో కలుస్తుంది, అప్పటికీ వాద్యాలు రావు. ఆధారశ్రుతి లేకుండా రెండు గొంతులు పక్కపక్కన నడవడం వింటుంటే ఆమె కాళ్ల కింద నేల లేదని చెవికే తెలుస్తుంది. చివర వరం దగ్గర జాగ్రత్తగా వినాలి. మన కథలో యముడు వరుసగా వరాలిస్తాడు, మామగారి చూపు, రాజ్యం, సంతానం అంటూ. హోల్స్ట్ వాటిని తీసేశాడు. సత్యవంతుడి ప్రాణం తప్ప ఏదైనా అడగమంటే ఆమె జీవితమే కావాలంటుంది, నిండు జీవితం. ఇచ్చాక, భర్త లేనిదే అది నిండుదెలా అవుతుందని అడుగుతుంది. ఈ మార్పు కథకి బలమా, లోపమా అన్నదాని మీదే మొదటి చర్చ పెట్టుకోవచ్చు. హోల్స్ట్ కూతురు ఇమోజెన్ సంగీత నిర్వహణలో జానెట్ బేకర్ సావిత్రిగా పాడిన రికార్డింగు ఉంది. మాట స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి దానితో మొదలుపెట్టమంటాను.

ఫోన్ స్పీకరులో మాత్రం వినొద్దు. చెల్లో, డబుల్ బాస్ లాంటి పెద్ద తీగవాద్యాల కింది స్వరాలు ఆ చిన్న స్పీకరులో దాదాపు పలకవు. అడుగు పోయాక పైన సొప్రానో ఒక్కటే మిగిలి కీచుమంటుంది. వందల రూపాయల్లో దొరికే హెడ్‌ఫోన్స్ చాలు. గొంతు ఎందుకలా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. ఒపెరా ఇంట్లో, అంటే ఒపెరా ఆడే థియేటరులో, మైకు వాడరు. ఆర్కెస్ట్రా శబ్దంలో బలం 500 హెర్ట్జ్ (సెకనుకి 500 కంపనాలు) దగ్గర ఎక్కువ. అందుకని గాయకులు, ముఖ్యంగా మగవాళ్లు, 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల గొంతు మోగేలా సాధన చేస్తారు. అక్కడ వాద్యాల జోరు తక్కువ, మన చెవి చురుకు. మైకులు రాకముందు మన నటులు ఎత్తు శ్రుతిలో పాడింది కూడా చివరి వరుస కోసమే కదా.

రెండోదిగా ఇటలీ స్వరకర్త పుచ్చీని ‘లా బొహెమ్’ తీసుకోండి. 1896లో టూరిన్‌లో మొదట ఆడింది. నాలుగు అంకాలు, సంగీతం రెండు గంటల లోపే. ఒకేసారి కూర్చోవద్దు, రోజుకో అంకం చాలు. ప్రతి అంకానికీ ముందు కథ పది వాక్యాల్లో చదవాలి, సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోవాలి. అనువాదం చూడటం నామోషీ అనుకోనక్కర్లేదు. 1983లో టొరంటోలో మొదలయ్యాక పెద్ద పెద్ద ఒపెరా ఇళ్లు దాదాపు అన్నీ అనువాదం చూపిస్తున్నాయి. మొదటి అంకం చివర కథానాయకుడు రొడోల్ఫో పాట, దానికి నాయిక మిమి జవాబు, ఆపైన ఇద్దరి యుగళం వరుసగా వస్తాయి. రొడోల్ఫో పాటలో ఒక పై స్వరం ఉంది. కొందరు గాయకులు పాట మొత్తాన్ని అర మెట్టు దించి పాడతారు. మన హార్మోనియం మనిషి నటుడి గొంతు చూసి శ్రుతి మార్చడం లాంటిదే అది, తప్పుపట్టాల్సింది కాదు. ఈ పాటల స్వరాలే నాలుగో అంకంలో మిమి చనిపోయేటప్పుడు ఆర్కెస్ట్రాలో తిరిగి వస్తాయి. మొదటి అంకం శ్రద్ధగా వినకపోతే ఆ చివరి అంకం సగమే అందుతుంది.

యూరప్ ఒపెరా ఇళ్ల ప్రదర్శనల్ని ఒపెరావిజన్ అనే వెబ్‌సైటు 2017 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో పెడుతోంది. ఒక్కొక్కటి కొన్ని నెలలే ఉంటుంది, కాబట్టి కనబడినప్పుడే చూసేయాలి.

మూడోది ఇటలీకే చెందిన వెర్డి ‘లా ట్రావియాటా’, 1853 నాటిది. రెండో అంకంలో ప్రియుడి తండ్రి నాయిక వియొలెట్టా దగ్గరికి వస్తాడు. తన కూతురి పెళ్లి ఆగిపోతుందని, కొడుకుని వదిలేయమని అడుగుతాడు. ఆ సంవాదం వింటే ఒపెరా పరాయిది అన్న మాట మళ్లీ రాదు. అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ రాసిన, 1980లో మొదట ఆడిన ‘సత్యాగ్రహ’ మాటలన్నీ భగవద్గీత సంస్కృత శ్లోకాలే, కథ దక్షిణాఫ్రికాలో గాంధీది. ఆకర్షణ సహజమే గానీ దాన్ని మొదటే పెట్టుకోవద్దు. స్వరాలు మళ్లీ మళ్లీ తిరుగుతూ చాలా నెమ్మదిగా మారతాయి, ఓపిక అలవాటు కాకముందు విసుగు పుడుతుంది. జర్మన్ స్వరకర్త వాగ్నర్ నాలుగు ఒపెరాల వరుస, పదిహేను గంటల ‘రింగ్’ ఇంకా తర్వాత.

చర్చ సంగతి. ‘గొంతు అద్భుతం’ అనేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. పాట మొదట్లో ఆ పాత్రకి ఏం కావాలి, చివరికి ఏం మారింది, పాత్ర దాచినది ఆర్కెస్ట్రా బయటపెట్టిందా అని అడగాలి. స్వరకర్తని, గాయకుడిని, దర్శకుడిని కలిపేయకూడదు. పాత కథకి నేటి బట్టలు తొడిగితే అది దర్శకుడి పని, వెర్డిని తిట్టి లాభం లేదు. చప్పట్లకి పద్ధతి ఉంది: వెర్డిలో పాట అయ్యాక కొట్టొచ్చు, వాగ్నర్‌లో అంకం పూర్తయ్యే దాకా ఆగాలి. వన్స్ మోర్ చాలా అరుదు. మిలాన్‌లోని లా స్కాలాలో దశాబ్దాల తరబడి లేని ఆ ముచ్చటని 2007లో టెనర్ హువాన్ డియెగో ఫ్లోరెస్ తీర్చాడు, తొమ్మిది పై స్వరాలున్న పాటని రెండోసారి పాడి.

మీ ఆదివారం అనుబంధంలో నెలకొక ఒపెరా కథ వేయమని నా మనవి. అంకాల వారీగా కథ, ఏ పాత్రకి ఏ గొంతు, ఎక్కడ ఆగి వినాలి అన్నవి అర పేజీలో సరిపోతాయి. ఇక్కడి తెలుగు గ్రంథాలయాలకీ ఒక సూచన. మన పంచాంగంలో వైశాఖ అమావాస్య, ఒడియా పంచాంగంలో జ్యేష్ఠ అమావాస్య అయిన సావిత్రి వ్రతం నాటి సాయంత్రం హోల్స్ట్ ‘సావిత్రి’ వినిపించండి. మాటల తెలుగు సారాంశం ఒక కాగితం మీద పంచి, ఒకసారి కాగితం చూస్తూ, రెండోసారి చూడకుండా వినమనండి. రెండు సార్లకీ కలిపి గంట. ఆ తర్వాత వరం గురించి మాట్లాడుకోవడానికి ఒడియా పొరుగువాళ్లనీ పిలవండి.

– ఒక పాఠకుడు, బరంపురం