బేరింగుల లెక్క, స్టోయిక్కుల మాట

సంపాదకుల వారికి,

నమస్కారం. ఉద్యోగంలో చిక్కులు ఎదురైనప్పుడు, ప్రాచీన గ్రీసులో పుట్టి రోములో పెరిగిన స్టోయిక్ తత్వం ఎలా అక్కరకొస్తుందో చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారు బాగా చదువుకున్నవారే. కానీ చివరికొచ్చేసరికి నాకు అర్థమైంది ఒక్కటే: నోరు మూసుకుని పని చేసుకో. ఊరుకున్నంత ఉత్తమం లేదని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. ఆ మాట కోసం గ్రీసు దాకా, రోము దాకా పోవాలా? నేను పండితుణ్ని కాను, ఇరవై ఆరేళ్లుగా యంత్రాల విడిభాగాల స్టోర్ చూసుకుంటున్నవాణ్ని. అయితే ఈ స్టోయిక్కుల పుణ్యాన ఒకసారి గట్టెక్కాను. అందుకే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా స్టోర్‌లో 6205 అని ఒక బేరింగు ఉంటుంది. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. అందులో మళ్లీ రకాలున్నాయి. పక్కలకు రేకు మూతలుంటే జెడ్‌జెడ్, రబ్బరు సీళ్లుంటే టూ ఆర్‌ఎస్. కొలతలు అచ్చంగా ఒకటే. పాత లెడ్జర్‌లో ఈ రెండింటికీ వేర్వేరు పేజీలుండేవి. ఆరేళ్ల క్రితం కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరో నంబరు మాత్రం కొట్టి చివరి అక్షరాలు వదిలేశారు. రెండు రకాలూ కలిసిపోయి ఒకే సరుకయ్యాయి. తర్వాత ఆ తప్పు కనిపెట్టినవారు విడదీశారు గానీ, బిన్ కార్డు, అంటే సరుకు అర దగ్గర ఉండే లెక్క చీటీ, చూడకుండా తోచినట్టు విడదీశారు. ఆడిట్‌లో లెక్కపెడితే జెడ్‌జెడ్ 38 తక్కువ, టూ ఆర్‌ఎస్ 38 ఎక్కువ. ఎక్కువ ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మర్నాడు నా బల్ల మీద మెమో ఉంది. తరుగుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

అప్పటికి ఇరవై ఏళ్ల సర్వీసు నాది. తరుగు అనే మాటకు మా స్టోర్ల భాషలో ఇంకో అర్థం కూడా ఉందని వేరే చెప్పనక్కర్లేదు. ఆ రాత్రే కూర్చుని నాలుగు పేజీల జవాబు రాశాను. ఎవరెవరు ఎప్పుడెప్పుడు చేతివాటం చూపించారో కూడా అందులో ఉంది. తెల్లారి ఇవ్వబోయి ఆగాను. కోపానికి అన్నిటికన్నా మంచి మందు ఆలస్యం అంటాడు రోముకు చెందిన స్టోయిక్ సెనెకా. ఆ పెద్దమనిషి నీరో చక్రవర్తికి చదువు చెప్పి, దండిగా ఆస్తి వెనకేసుకుని నీతులు చెప్పాడని నాకు కొంచెం గుర్రే. అయినా ఈ ఒక్క మాట మాత్రం నా ఉద్యోగం నిలబెట్టింది. ఇచ్చిన మూడు రోజుల్లో ఒక రోజంతా ఏమీ చేయకుండా గడిపాను. సాయంత్రానికి ఆ నాలుగు పేజీలు మళ్లీ చదువుకుంటే నాకే సిగ్గేసింది. చించేశాను.

ఈ స్టోయిక్కులు నాకు తెలిసింది కాలు విరిగి మంచాన పడ్డ రోజుల్లో. చూడటానికి వచ్చిన ఒక స్నేహితుడు ఊసుపోకకు ఇచ్చిన పుస్తకంలో ఎపిక్టెటస్ అనే స్టోయిక్ గురువు కథ ఉంది. పుట్టుకతో బానిస, పైగా కుంటివాడు. తర్వాత స్వేచ్ఛ దొరికి రోములో పాఠాలు చెప్పుకుంటుంటే, డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలందరినీ వెళ్లగొట్టాడు. ఈయన గ్రీసులోని నికోపొలిస్ వెళ్లి అక్కడ బడి పెట్టుకున్నాడు. తాను ఒక్క అక్షరం రాయలేదు, ఆరియన్ అనే శిష్యుడు రాసుకున్నదే మనకు మిగిలింది. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని చదివానేమో, ఆయన మీద సొంత మనిషి మీద ఉన్నంత ఆపేక్ష ఏర్పడింది.

మన చేతిలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని అంటాడాయన. లేనివాటి జాబితాలో ఒళ్లు, ఆస్తి, పరువుతోపాటు పదవిని కూడా చేర్చాడు. చదివినప్పుడు ఇదేదో తేలికే అనుకున్నాను. మెమో చేతిలో పెట్టుకుని గీత గీయబోతే తెలిసింది కష్టం. మెమో వెనకవైపే పెన్సిల్‌తో రాశాను. మేనేజరు నన్ను నమ్మడం ఎటు? నా చేతిలో లేదు. పది మంది ఏమనుకుంటారు? అదీ లేదు. ఆ ఏడు రావాల్సిన ప్రమోషన్? దాన్ని అటువైపు రాయడానికి చాలాసేపు పట్టింది. ఇటువైపు మిగిలింది పిసరంత. బిన్ కార్డులు తీసి సరుకు ఇచ్చినప్పుడు రాసే ఒక్కొక్క ఇష్యూ వోచరుతో సరిపోల్చడం, చూసింది చూసినట్టు రాయడం, గొంతు పెంచకుండా మాట్లాడటం. అంతే. విలుకాడు గురి చూసి బాణం సరిగ్గా వదలగలడు, ఆ తర్వాత అది తగలడం తగలకపోవడం అతని చేతిలో ఉండదని స్టోయిక్కులు చెప్పే పోలిక అప్పుడు గుర్తొచ్చింది.

రెండు రాత్రులు పద్నాలుగు నెలల కార్డులు తిరగేశాను. జవాబు ఒక్క పేజీలో వచ్చింది. ఫలానా తేదీన రెండు కోడ్లు కలిశాయి, ఫలానా తేదీన విడిపోయాయి, ఈ 38, ఆ 38 ఒకటే. నా ఇరవై ఏళ్ల సర్వీసు ఊసు అందులో లేదు.

ఇంకొక ముక్క కూడా అక్కరకొచ్చింది. ప్రతి విషయానికీ రెండు పిడులుంటాయి, ఒకటి పట్టుకుంటే మోయగలం, రెండోది పట్టుకుంటే మోయలేం అంటాడు ఎపిక్టెటస్. అన్న నీకు అన్యాయం చేశాడనుకో, అన్యాయం అనే పిడి పట్టుకోకు, అన్న అనే పిడి పట్టుకో. మెమో మీద సంతకం పెట్టిన సారు నాకు పదకొండేళ్లుగా తెలుసు. నా కాలు విరిగినప్పుడు వారం వారం ఫోన్ చేసిన మనిషే. జవాబు ఇవ్వడానికి ఆయన గదిలోకి పోయేటప్పుడు ఆ పిడి పట్టుకునే పోయాను. స్నానశాలకు వెళ్లేవాడు అక్కడ నీళ్లు చల్లేవాళ్లు, తోసేవాళ్లు, తిట్టేవాళ్లు, దొంగలు ఉంటారని ముందే అనుకుని వెళ్లాలని కూడా ఆయనే చెప్పాడు కదా. నేనూ లెక్క వేసుకునే వెళ్లాను. ఒకరు మాటకు అడ్డొస్తారు, ఒకరు ఫోన్ చూసుకుంటుంటారు, ఒకరు నవ్వుతారు. ముగ్గురూ అలాగే చేశారు. నవ్వినవారు మాత్రం నేను అనుకున్న మనిషి కాదు.

మీ వ్యాసకర్త రోము చక్రవర్తి, స్టోయిక్ అయిన మార్కస్ ఆరీలియస్ మాట ఒకటి ఎత్తి చెప్పారు, అడ్డంకే దారి అవుతుందని. దాన్ని ఓర్చుకుంటే పైకొస్తావనే అర్థంలో వాడారు. నేను చదివిన మార్కస్ అలా అనలేదు. ఒక పనికి అడ్డొచ్చినా మనసును ఎవరూ అడ్డుకోలేరని, ఎదురొచ్చినదాన్నే అది తన పనికి సరుకుగా మార్చుకుంటుందని ఆయన భావం. పైన పడేసిన వాటికి చిన్న దీపమైతే ఆరిపోతుంది, పెద్ద మంట వాటినే మింగి ఇంకా లేస్తుంది అంటాడు. ఇంకో చోట, నీకు జరిగినది నిన్ను న్యాయంగా ఉండకుండా ఆపుతోందా అని తనను తానే అడుగుతాడు. ఆ న్యాయం అనే మాటే మీ వ్యాసంలో లేదు. వివేకం, ధైర్యం, నిగ్రహం, న్యాయం, ఈ నాలుగూ స్టోయిక్కులకు మూలస్తంభాలు. వ్యాసకర్త నిగ్రహం ఒక్కటి ఉంచి తక్కినవి అటకెక్కించారు. ఇలాంటి వ్యాసాలనే ఫొటో తీసి కింది ఉద్యోగులకు పంపే మేనేజర్లను నేను చూశాను.

ఆ మార్కస్ అయినా ఊరుకున్నాడా? క్రీస్తు శకం 175లో తూర్పున తాను నమ్మిన సేనాని అవీడియస్ కాసియస్ తానే చక్రవర్తినని ప్రకటించుకుంటే, డాన్యూబ్ సరిహద్దు యుద్ధాన్ని ఎలాగో సర్దేసి తూర్పుకు బయల్దేరాడు. మనసు కుదుటపరుచుకుంటూనే చేయాల్సింది చేశాడు.

నా మెమో ఏమైందని అడుగుతారేమో. వెనక్కి తీసుకున్నామని కాగితం ఇవ్వలేదు. ఫైలు మూసేశారని మాట వరసకు తెలిసింది. ప్రమోషన్ రాలేదు, నాకన్నా చిన్నవాడికి వచ్చింది. ఆ సంగతి తెలిసిన రాత్రి ఏ ఎపిక్టెటస్సూ పనికిరాలేదు, నిద్ర పట్టలేదు. అది దాచి రాస్తే నేనూ మీ వ్యాసకర్తలాగే అవుతాను.

ఆ కాగితం ఇవ్వమని ఇప్పటికి మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాను. ఈ నెలలో నాలుగోసారి అడుగుతాను. ఈలోగా 6205 బిన్ కార్డులు రెండింటి మీదా జెడ్‌జెడ్, టూ ఆర్‌ఎస్ అని ఎర్ర సిరాతో నా చేత్తోనే రాసి పెట్టాను.

భవదీయుడు,
ఒక స్టోర్‌కీపర్