ఎదుటి బెర్తులోని అక్కకు

మా బాబుకి నాలుగేళ్లు. చొక్కా మెడ దగ్గర లేబుల్ తగిలినా, ఎక్కడో మిక్సీ మోగినా తట్టుకోలేడు. ఆ రాత్రి రైల్లో రెండింటిదాకా ఏడుస్తూనే ఉన్నాడు. అందరూ విసుక్కుంటుంటే, అక్కా, మీరు లేచి లైటు ఆపేశారు. "జోకొట్టకమ్మా, తేలిగ్గా తాకితే కొందరు పిల్లలకి ఇంకా చిరాకు. అరచేయి వీపు మీద గట్టిగా ఆనించి, కదపకుండా ఉంచు" అన్నారు. కుట్లు బయటికి వచ్చేలా చొక్కా తిరగేసి తొడిగించారు. కాసేపటికి వాడి పిడికిలి ఒక్కో వేలే విచ్చుకుంది.

"గారాబం చేసి చెడగొట్టావు" అన్నవాళ్లే అందరూ. వాడిది మొండితనం కాదని చెప్పింది మీరొక్కరే. మీ మాట పట్టుకునే, ఇలా స్పర్శ, శబ్దాలతో ఇబ్బంది పడే పిల్లలకి సాయం చేసే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాం. ఇప్పటికీ కొన్ని రాత్రులు కష్టమే, కానీ ఆ టెన్షన్ లేదు. హడావిడిలో మీ పేరైనా అడగలేదు. చాలా థాంక్స్ అక్కా.